పొలిమేర దాటని పరుగు

పూతలపట్టులో రోడ్డు చీలే చోట ఒక సిమెంటు దిమ్మె ఉండేది. దాని మీద నల్ల రంగుతో ఊళ్ళ పేర్లు, పక్కనే బాణం గుర్తులు. అమ్మమ్మ వాళ్ళ ఊరు అక్కడికి దగ్గరే. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, సెలవులు అయిపోయి తిరుపతికి తిరిగి వస్తూ, ఆ దిమ్మె మీద కూర్చుని అమ్మా నేనూ ఒక పూటంతా బస్సు కోసం ఎదురుచూశాం. రెండు బస్సులు నిండుగా వచ్చి ఆగకుండా వెళ్ళిపోయాయి. మా ముందు నుంచి పసుపు బట్టలు కట్టుకున్న వాళ్ళు గోవింద నామం చెప్పుకుంటూ నడిచి వెళ్తున్నారు. వాళ్ళు తిరుపతి చేరేసరికి రేపు సాయంత్రం అవుతుందని అమ్మ చెప్పింది. నడిస్తే రెండు రోజులైతే, పరుగెత్తితే ఎంతసేపని అడిగాను. ఎంత పరుగెత్తినా ఒక్క పూటలో ఎవరూ పోలేరు అంది అమ్మ. బస్సు రాని విసుగులో అన్న మాట అది. మూడో బస్సు ఎక్కేసరికి ఆమె మరచిపోయింది. నేను మరచిపోలేదు.

దారి పొడవునా కిటికీలోంచి రోడ్డునే చూశాను. చింతచెట్లు వెనక్కి వెళ్ళిపోతుంటే, వాటి కింద నేను పరుగెత్తుతున్నట్టు, బస్సులో కూర్చున్నది వేరే పిల్లవాడైనట్టు అనిపించింది. ఆ పరుగెత్తేవాడు చాలా ఏళ్ళు నాతోనే ఉన్నాడు. నేను ఎనిమిదో తరగతితో బడి మానినప్పుడూ, సైకిల్ షాపులో పంక్చర్లు వేయడం నేర్చుకున్నప్పుడూ వాడు ఆ చెట్ల కింద అలా వస్తూనే ఉన్నాడు. ఇంకా ఊరు చేరలేదు, అంతే.

నాకు చదువు చెప్పింది మా వీధి చివరి గ్రంథాలయం. సాయంత్రం షాపు నుంచి చేతులకు అంటిన గ్రీజు కిరసనాయిలుతో తుడుచుకుని అక్కడికి వెళ్ళేవాణ్ణి. తెలుగు బీరువాలు రెండేళ్ళలో అయిపోయాయి. తర్వాత నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు బీరువాలో చేయి పెట్టాను. అలా దొరికిందే పరుగు పుస్తకం. అట్ట లేదు, ముందు పేజీలు లేవు, పదిహేడో పేజీతో మొదలయ్యేది. రాసినాయన ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. చలిదేశం వాడని మాత్రం తెలుసు. మంచు మీద జారకుండా అడుగు ఎలా వేయాలో ఒక అధ్యాయం మొత్తం రాశాడు. తిరుపతిలో ఉన్నవాడికి అది ఎందుకని అనుకోకుండా దాన్నీ నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. పుస్తకంలో ఉన్నది వదిలేస్తే పుస్తకం నన్ను వదిలేస్తుందన్నట్టు ఉండేది ఆ రోజుల్లో.

అందులో పట్టికలు ఉన్నాయి. ఏ వారం ఎన్ని మైళ్ళు, ఏ రోజు విశ్రాంతి, ఎప్పుడు నెమ్మదిగా, ఎప్పుడు వేగంగా. పూతలపట్టు నుంచి మా ఇంటికి దగ్గర దగ్గర ముప్పై మూడు మైళ్ళు. రెండేళ్ళు ఆ పట్టికల ప్రకారం తెల్లవారుజామున పరుగెత్తాను. ఇరవై మైళ్ళు రెండుసార్లు పూర్తి చేశాను. డెబ్బైల చివర్లో ఒక శివరాత్రి తర్వాతి ఆదివారం ముహూర్తం పెట్టుకున్నాను. మొదటి బస్సులో పూతలపట్టు వెళ్ళి, దిమ్మెను ముట్టుకుని, మధ్యాహ్నం అన్నం వేళకు ఇల్లు చేరాలి. ఆ ఏడే ఎందుకంటే మేనమామ గూడూరులో నిమ్మకాయల మండీలో నాకు గుమాస్తా పని చూశాడు. మండీలో తెల్లవారకముందే వేలం పాటలు మొదలవుతాయి. అక్కడ చేరితే నాకు ఇంక పొద్దులు ఉండవు. వేసవి దాటేలోపు రమ్మన్నారు.

శివరాత్రికి నాలుగు రోజుల ముందు ఒళ్ళు వెచ్చబడింది. మర్నాటికి వీపు మీద నీటి పొక్కులు. అమ్మ దీపం దగ్గరగా పట్టి చూసింది. వెళ్ళి వేపకొమ్మ తెచ్చి గుమ్మానికి కట్టింది. ఆ ఇంట్లో ఇంక జబ్బు అన్న మాట ఎవరూ పలకరు. అమ్మ వచ్చింది అంటారు. తాలింపు వేయరు, ఇంట్లోకి ఎవరూ రారు. నన్ను ఒక మూల వేపాకు పరచిన చాప మీద పడుకోబెట్టింది.

ఆ ఇరవై ఒక్క రోజులూ నాకు ఒకే ఒక పెద్ద మధ్యాహ్నంలా గుర్తున్నాయి. మా ఇంటి పైకప్పు దూలాలు వరుసగా ఉంటాయి. జ్వరంలో అవి కదిలేవి. ఒక దూలం తర్వాత ఇంకో దూలం నా మీదుగా వెళ్ళిపోతుంటే నేను వెల్లకిలా పడుకుని రోడ్డు మీద పరుగెత్తుతున్నట్టు ఉండేది. ఎక్కడా అలుపు లేదు. గాలి చల్లగా వేప వాసన వేసేది. కళ్ళు తెరిస్తే అమ్మ వేపరెమ్మతో విసురుతూ ఉండేది. తర్వాత దురద, తర్వాత నీరసం. శివరాత్రి జాగరణ పాటలు దూరంగా వినిపించాయి. ఆ ఆదివారం ఎప్పుడు వచ్చిందో ఎప్పుడు పోయిందో తెలియలేదు. గడువు దాటిన పుస్తకం నా తలకిందే ఉంది. ఆ సంగతి మా గ్రంథాలయం సారుకు కబురు పంపితే, తలకు పోసుకున్నాకే తీసుకురమ్మని, అంతవరకూ పేజీల మధ్య వేపాకు పెట్టమని చెప్పి పంపాడు.

తలకు నీళ్ళు పోశాక గోడ పట్టుకుని వాకిలి దాకా నడిచాను. కాళ్ళు నావి కావు. అద్దంలో మొహమంతా మచ్చలు. ఆ పూటే నోటుబుక్కు తీశాను. జబ్బు పడిన ప్రతి రోజుకూ రెండు రోజులు పెద్ద పరుగు జోలికి పోవద్దని పుస్తకం చెబుతుంది. ఇరవై ఒకటికి నలభై రెండు. వేళ్ళ మీద లెక్కపెట్టి ఒక బుధవారం చుట్టూ గీత గీశాను. ఎండలు ముదిరిపోతాయి, కాబట్టి ఇంకా ముందుగా బయల్దేరాలి. అంతే మార్పు. మొదట నడిచాను, తర్వాత మైలు, రెండు మైళ్ళు నెమ్మదిగా పరుగెత్తాను. పట్టికలో ఏముంటే అది చేశాను. షాపు ఓనరు దగ్గర ఆ బుధవారం సెలవు కూడా అడిగి పెట్టుకున్నాను.

ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాణ్ణి, అంత పెద్ద సంగతి ఎలా మరచిపోయానంటే ఏం చెప్పను? నా నోటుబుక్కులో వారాలు ఉన్నాయి, మైళ్ళు ఉన్నాయి. గంగమ్మ జాతర లేదు. మంగళవారం పొద్దుపోయాక, పొద్దున ఎక్కాల్సిన బస్సు కోసం కాన్వాసు బూట్లు గుమ్మం పక్కన పెట్టుకుంటుంటే వీధిలో డప్పు వినిపించింది. చాటింపు. తిరుపతి వాళ్ళకు ఆ డప్పు అర్థం చెప్పనక్కర లేదు. అది మోగిన దగ్గర్నుంచి, వచ్చే వారం బుధవారం తెల్లవారి జాతర ముగిసేదాకా ఊరివాళ్ళు పొలిమేర దాటరు.

అమ్మ వీధిలోంచి వచ్చి బూట్ల వైపు చూసింది. మధ్యాహ్నానికి వచ్చేస్తానని, ఎవరికీ తెలియదని అన్నాను.

“గంగమ్మకు తెలీదా?” అంది అమ్మ. “నువ్వు ఇరవయ్యొక్క దినాలు ఆ మూలన పండుకోనుంటే నేను ఎవురికి మొక్కినాననుకున్నావు? నీ పుస్తకానికా? ఇడిసిపెట్టమ్మా నా బిడ్డనని అడిగితే ఇడిసిపెట్టింది. ఇప్పుడు ఊరు దాటొద్దని ఆమె చెప్తే, నువ్వు బస్సెక్కి పోతావా?”

నాకు జవాబు లేక కాదు. సూక్ష్మజీవుల గురించి, నీటి పొక్కుల గురించి గ్రంథాలయంలో చదివినది చాలా ఉంది. కానీ అమ్మ ఆ మాటలు గట్టిగా అనలేదు. బూట్లు తీసి అటకెక్కించనూ లేదు. వాటిని తాకకుండా దాటుకుని లోపలికి వెళ్ళి పడుకుంది. నేను వెళ్ళలేకపోయాను.

పొద్దున కోపంతో పరుగెత్తాను. ఊరు దాటకూడదు కదా, ఊరి అంచు దాకా వెళ్తానని చీకట్లోనే బయల్దేరాను. ఆ రోజు బైరాగి వేషం. మొక్కుకున్న మగవాళ్ళు ఒళ్ళంతా తెల్ల సున్నం లాంటి నామపు మట్టి పూసుకుని ఆ రోజు తిరుగుతారు. మసక వెలుతురులో సందుల్లోంచి తెల్లటి మనుషులు ఒక్కొక్కరే వచ్చి, నా పక్కన కొంతదూరం నడిచి, మళ్ళీ సందుల్లోకి వెళ్ళిపోయారు. ఎవరి మొహమూ గుర్తుపట్టలేం. అందులో మా షాపుకు రోజూ వచ్చేవాళ్ళు కూడా ఉండి ఉంటారు. జ్వరం మళ్ళీ తిరిగొచ్చిందా అనిపించింది. పడమర మామిడితోపు దగ్గర, రోడ్డు ఊరు వదిలి చంద్రగిరి వైపు తిరిగే చోట ఆగాను. వెనక్కి వచ్చాను. మొత్తం కలిపి మూడు మైళ్ళు లేదు. ఇంటి ముందుకు వచ్చేసరికి మోకాళ్ళు వణికాయి. మెట్టు మీద కూర్చుంటే కళ్ళు బైర్లు కమ్మాయి.

అప్పుడు తెలిసింది. చాటింపు లేకపోయినా నేను ఆ రోజు ముప్పై మూడు మైళ్ళు పరుగెత్తేవాణ్ణి కాదు. పాకాల దాకా కూడా వచ్చేవాణ్ణి కాదు. ఏదో చెట్టు కింద పడి ఉంటే బస్సువాళ్ళు ఎక్కించుకుని వచ్చేవాళ్ళు. నలభై రెండు రోజుల లెక్క సరిగ్గానే ఉంది, ఒళ్ళే ఆ లెక్కలో లేదు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. చాటింపు ఆపేసిందని చెప్పుకోవడం తేలిక.

షాపు సెలవు ఎలాగూ పెట్టాను కనుక గ్రంథాలయానికి వెళ్ళాను. పత్రికలు ఎండబెడుతున్న సారుకు జరిగింది చెప్పాను. మెట్టు మీద కూర్చున్న సంగతి తప్ప.

“పుస్తకంలో చాటింపు రాసుండదు గదప్పా,” అన్నాడాయన. నవ్వలేదు. చేతిలోని పత్రిక పక్కన పెట్టి, “నాకొకటి చెప్పు. నీకు కావల్సింది పూతలపట్టా, ముప్పై మూడు మైళ్ళా?” అని అడిగాడు.

ఆ రెండూ వేరువేరని నాకు అంతవరకూ తోచలేదు. ఎనిమిదేళ్ళ వయసు నుంచి అవి ఒకటే. ఆయన లోపలికి వెళ్ళి పురపాలక సంఘం వాళ్ళ పాత పటం ఒకటి తెచ్చి బల్ల మీద పరిచాడు. మడతల దగ్గర చిరిగిపోయి ఊరు నాలుగు ముక్కలుగా ఉంది. పటంలో ఊరి హద్దు చాలా దూరం వెళ్ళింది. కానీ గంగమ్మ పొలిమేర పటంలో ఉండదు. మధ్యాహ్నం అన్నం తింటూ అమ్మను అడిగితే తూర్పున పాత సత్రం, దక్షిణాన రైలు గేటు, పడమర మామిడితోపు అంది. షాపు ఓనరు ఇంకో రకంగా చెప్పాడు. నేను అమ్మ హద్దే తీసుకున్నాను. అన్నిటికంటే చిన్నది అదే.

సాయంత్రం షాపులోని అద్దె సైకిలు ఒకటి తీసుకుని ముందు చక్రం కమ్మీకి ఎర్రగుడ్డ పీలిక కట్టాను. చక్రం ఒకసారి తిరిగితే ఎన్ని అడుగులో టేపుతో కొలిచాను. మైలుకు ఏడువందల ముప్పై చుట్లు. కుడి జేబులో చింతగింజలు పోసుకుని, వంద చుట్లకు ఒక గింజ ఎడమ జేబులో వేసుకుంటూ, అమ్మ పొలిమేర లోపల చుట్టూ సైకిలు తోసుకుంటూ నడిచాను. మళ్ళీ షాపు ముందుకు వచ్చేసరికి ఇరవై రెండు గింజలు. మూడు మైళ్ళు. అంటే ముప్పై మూడు మైళ్ళకు ఆ దారిలో పదకొండు చుట్లు. గురువారం నుంచి మంగళవారం దాకా ఆరు పొద్దులు. పొద్దుకు రెండు చుట్లు, ఒక్క పొద్దు ఒక్క చుట్టు. బుధవారం జాతర ముగియగానే గూడూరు రైలెక్కాలని మామ కబురు పంపాడు. ఇంక వాయిదా లేదు. ఈ ఆరు పొద్దుల్లో అయితే అయినట్టు.

ఒక్క పూటలో పోవాల్సినదాన్ని ఆరు పూటలు చేస్తే అది అదేనా? ఆ రాత్రి ఎంతసేపు ఆలోచించానో తెలియదు. మోసమని అనిపించింది. అయినా పొద్దున లేచి బూట్లు కట్టుకున్నాను. వీధిలోకి రాగానే, ఎవరూ నేర్పకుండానే, అది పూతలపట్టు అయింది.

ఇది ఎలా చెప్పాలో తెలియదు. నేను మా సైకిల్ షాపు ముందు నిలబడి ఉన్నాను. అదే సమయంలో దిమ్మె పక్కనా నిలబడి ఉన్నాను. అడుగు వేశాను. బట్టల కొట్లు మూసి ఉన్నాయి, వాటి వెనకాల చింతచెట్లు కదిలాయి. పాత సత్రం మూల తిరిగితే అమ్మమ్మ ఊరి చెరుకు తోటల గాలి. బెల్లం వండే వాసన కూడా వచ్చింది, ఆ కాలంలో ఎక్కడా గానుగ ఆడదని తెలిసి కూడా. చిన్నప్పుడు బస్సు కిటికీలోంచి ఒక్కొక్కటీ చూసి దాచుకున్న దారి, నేను ఒక్కో అడుగూ వేస్తుంటే చాపలా విచ్చుకుంది. చుట్టు తిరిగి మళ్ళీ షాపు ముందుకే వస్తాను, కానీ ఆ షాపు ఈసారి మూడు మైళ్ళ అవతల ఉండేది.

ఆ గురువారం బండ వేషం. ఒళ్ళంతా కుంకుమ పూసుకున్నవాళ్ళు ఆ రోజు ఎవరినైనా ఎంత మాటైనా అనొచ్చు. తిట్టించుకోవడమే మంచిదని ఊళ్ళో అందరూ నిలబడి మరీ తిట్టించుకుంటారు. రైలు గేటు దగ్గర అలాంటి గుంపు ఒకటి నాకు ఎదురుపడింది. వాళ్ళలో ఒక లావుపాటి మనిషి నా పక్కనే రొప్పుతూ పరుగెత్తాడు.

“ఏం అబ్బా, ఎవుడి పెండ్లాన్ని లేపుకోని పోతా ఉండావు? ఎనక్కి తిరిగి సూడు, ఆయమ్మి యాడనో దిగబడిపోయింది!”

గుంపు గొల్లుమంది. ఇంకా చాలా అన్నాడు, రాయదగినవి కావు. నవ్వు ఆపుకోలేక నాకు ఊపిరి తప్పింది. నవ్వుతూ పరుగెత్తకూడదని పుస్తకంలో లేదు.

శుక్రవారానికి సంగతి మారింది. మొదటి చుట్టులో ఒక ముసలావిడ వాకిట్లో నిలబడి చేయి అడ్డం పెట్టింది. ఆగాను. నా మొహం మీది మచ్చలు చూసింది. పసుపు కలిపి వేపాకు వేసిన నీళ్ళు చెంబుతో నా కాళ్ళ మీద పోసింది, బూట్లతో సహా. వేషాలు వేసినవాళ్ళ కాళ్ళకు అలా పోయడం జాతరలో మామూలే. నాకు పోయడం మామూలు కాదు.

ఇది మొక్కు కాదమ్మా అని చెప్పాను.

“మొక్కు కాకుంటే ఎందుకు పరిగెత్తతా ఉండావు నాయనా?” అంది. “పనేమీ లేకనా?”

నేను తల వంచుకుని కదిలాను. రెండో చుట్టులో ఆ వీధిలో నలుగురు చెంబులతో సిద్ధంగా ఉన్నారు. తడిసిన కాన్వాసు బూట్లు బరువెక్కి చప్పుడు చేస్తుంటే పరుగెత్తాను. పాకాల దగ్గర్లోకి వచ్చాను అప్పటికి, నా లెక్కన. రైలు పట్టాలు రోడ్డు పక్కకు వచ్చే చోటు. పసుపు నీళ్ళు ఆ దారి దుమ్ములో నా వెనకాల చుక్కలు పడుతున్నట్టు ఊహించుకున్నాను.

ఇంటికి వెళ్ళి అమ్మను నిలదీశాను. ఊళ్ళో ఇది మొక్కని చెప్పింది నువ్వేనా అని.

“అడిగినారు, చెప్పినాను,” అంది, చేట చెరుగుతూ. “ఏం చెప్పమంటావు మరి? నా కొడుకు పుస్తకం చెప్తే పరిగెత్తతాడని చెప్పేదా?”

మొదట చిన్నతనంగా అనిపించింది. ఇన్నేళ్ళు పుస్తకాలు చదివి తెచ్చుకున్న పరుగు ఇది. దానికి పసుపు నీళ్ళేమిటి? వాళ్ళు నాకు పెడుతున్న దణ్ణాలు నావి కావు, ఎవరివో తీసుకుంటున్నట్టు ఉండేది. శనివారం వేరే వీధి మీదుగా వెళ్దామనుకున్నాను. అలా వెళ్తే చుట్టు తగ్గుతుంది, మైళ్ళు తప్పుతాయి. కొలిచిన దారి కొలిచిన దారే. మళ్ళీ అటే వెళ్ళాను. చెంబులు ఇంకా పెరిగాయి. ఎండ ఎక్కే వేళకు ఆ చల్లటి నీళ్ళు పడినప్పుడల్లా కాళ్ళకు ప్రాణం లేచి వచ్చేదన్నది కూడా నిజం. పద్దెనిమిది మైళ్ళు అయ్యాయి.

ఆదివారం రెండో చుట్టు మొదలుపెట్టగానే పిక్క పట్టేసింది. సత్రం అరుగు మీద కూర్చుండిపోయాను. ఆ రోజు ఆడవేషాలు. మీసాలున్న మనిషి ఒకడు పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, గాజులు గలగలలాడుతుంటే నా ముందు గొంతుకూర్చుని పిక్క పిసికాడు. గోడలకు సున్నం కొట్టే చేతులనుకుంటాను, గరుకుగా ఉన్నాయి. నొప్పి వదిలాక లేచి చీర సర్దుకుని వెళ్ళిపోయాడు. నేను ఆ ఒక్క చుట్టుతో ఆపాను. లెక్కలో పెట్టుకున్న ఒంటి చుట్టు అలా ఖర్చయింది. ఇంక ఒక్కటి తప్పినా ముప్పై మూడు కావు.

సోమవారం నెమ్మదిగా పరుగెత్తాను. వేగం అన్న మాటనే వదిలేశాను. పుస్తకం ఒప్పుకోనంత నెమ్మదిగా. అప్పుడే విచిత్రంగా దారి బాగా కనిపించింది. చంద్రగిరి కోట కొండ ఎర్రగా పైకి లేచి, మా ఊరి తేనీటి కొట్ల పైన, తంతి స్తంభాల పైన నిలబడింది. నేను దాని నీడలోంచి చాలాసేపు పరుగెత్తాను. ఎనిమిదేళ్ళ వయసు నుంచి నాతో వస్తున్న ఆ పరుగెత్తేవాడు ఎప్పుడూ నాకు ముందుండేవాడు, వీపు మాత్రమే కనిపించేది. ఆ రోజు పక్కన ఉన్నాడు. తర్వాత పక్కన కూడా లేడు. నేనొక్కణ్ణే ఉన్నాను, నా ఊపిరి నాకు వినిపిస్తూ.

మంగళవారం జాతర రోజు. చీకటితో లేచి మొదటి చుట్టు పూర్తి చేశాను. షాపు మెట్టు మీద రెండు నిమిషాలు కూర్చుని నీళ్ళు తాగి లేచేసరికి వీధి నిండిపోయింది. చుట్టుపక్కల పల్లెల నుంచి బండ్లు, బస్సులు దిగిన జనం. పొంగలి కుండలు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళు, డప్పులు, కోళ్ళు, భుజాల మీద పిల్లలు. పరుగెత్తడం కాదు, నిలబడడానికే చోటు లేదు. నేను ఆ గుంపులో ఇరుక్కుని అటూ ఇటూ తోసుకున్నాను. మూడు మైళ్ళు మిగిలి ఉన్నాయి. రేపు రైలు ఉంది. నడిచి ముగిద్దామా అనుకున్నాను. నడక నడకే, దాన్ని పరుగని నేను రాసుకోలేను. ఇరవై రెండు గింజల దూరం ముందు ఉండగా అక్కడే ఆగిపోతానేమోనని ఏడుపు వచ్చినంత పనైంది.

షాపు ఓనరు మెట్టు మీద నుంచి అది చూశాడు. ఆయనకు నా పరుగు గురించి అయిదు రోజులుగా వెటకారమే. సైకిళ్ళు ఉండగా కాళ్ళెందుకు అరగదీసుకుంటావని అడిగేవాడు. ఇప్పుడు రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని కేక వేశాడు.

“దోవ ఇడవండప్పా! అమ్మ పోసిన పిల్లోడు, మొక్కు తీర్చుకుంటా ఉండాడు! దోవ ఇడవండి!”

ముందువాళ్ళు తిరిగి చూశారు. నా మొహం చూశారు. ఒక కుండ పక్కకు జరిగింది, ఇంకో కుండ జరిగింది. ఒక మనిషి పట్టేంత సందు పడింది. మాట ముందుకు వెళ్ళింది, సందు కూడా దానితోపాటు వెళ్ళింది. ఒక్క క్షణం నిలబడ్డాను. కాదని చెప్పడానికి అదే ఆఖరి అవకాశం. కాదని చెబితే ఆ సందు మూసుకుపోతుంది.

పరుగెత్తాను.

అటూ ఇటూ పసుపు మొహాలు, వేపరెమ్మలు, పొగ. భుజాలు తగులుతున్నాయి. ఎవరో నీళ్ళు చల్లారు. ఎవరో నా వీపు మీద చేయి వేసి ముందుకు నెట్టారు. గేటు దగ్గర సన్నగా, తోపు దగ్గర విశాలంగా, మళ్ళీ బజారులో సన్నగా ఆ సందు నాకు ముందు పది గజాల్లో తెరుచుకుంటూ, వెనక మూసుకుంటూ వచ్చింది. చింతచెట్లు లేవు, కోట లేదు, పూతలపట్టు లేదు. ఆ మూడు మైళ్ళలో నేను నిజంగా తిరుపతిలోనే ఉన్నాను. ఎవరూ నన్ను ఎంతసేపట్లో వస్తావని అడగలేదు. వాళ్ళు చోటు ఇచ్చింది మొక్కుకు. ఆ చోటులో పరుగెత్తింది నేను. రెండింటికీ అక్కడ గొడవ రాలేదు. వస్తుందని అన్ని రోజులు భయపడ్డాను.

షాపు ముందు ఆగాను. కాళ్ళు ఆగినా వీధి ఇంకా కదులుతున్నట్టే ఉంది. ముప్పై మూడు. పక్కన చలివేంద్రం దగ్గర అంబలి పోస్తున్నారు. ఒకామె నన్ను అడగకుండానే గిన్నె నిండా పోసి చేతిలో పెట్టింది. రాగి అంబలి, అందులో మజ్జిగ, పచ్చి ఉల్లిపాయ ముక్కలు. నిలబడే తాగాను. ఇంకో గిన్నె పోసింది.

“అయిపోయినట్టేనా నీ మొక్కు?” అని అడిగింది ఆమె.

“అయిపోయిందమ్మా,” అన్నాను.